అమ్మ ఎందుకు మాట్లాడటం లేదు? తల్లిదండ్రుల డిప్రెషన్ గురించి చిన్నపిల్లలకు చెప్పడం

ఇంట్లో తల్లికో తండ్రికో డిప్రెషన్ వచ్చిందని తెలియగానే మిగతా పెద్దవాళ్లు చేసే మొదటి పని, ఆ సంగతి పిల్లల చెవిన పడకుండా చూడటం. ‘పసివాళ్లు, వాళ్లకేం అర్థమవుతుంది’ అంటారు. కాసేపటికి వాళ్లే ‘తెలిస్తే బెంగపెట్టుకుంటారు’ అనీ అంటారు. రెండు మాటలూ ప్రేమతో వచ్చేవే. కానీ రెండింటి వెనకా ఒక నమ్మకం ఉంది: మనం నోరు విప్పకపోతే పిల్లలకు తెలియదని. ఆ నమ్మకం తప్పు. అమ్మ మధ్యాహ్నం దాకా మంచం దిగకపోవడం, నాన్న ఆఫీసుకు వెళ్లడం మానేయడం, అమ్మమ్మ వంటింట్లో గొంతు తగ్గించి ఫోన్లో మాట్లాడటం, తాను గదిలోకి రాగానే అందరూ మాట మార్చడం, ఇవన్నీ పిల్లలు చూస్తూనే ఉంటారు. వాళ్లకు తెలియనిది కారణం ఒక్కటే. అది మనం చెప్పకపోతే వాళ్లే ఒకటి అల్లుకుంటారు. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలు అల్లుకునే కారణంలో దోషులు చాలాసార్లు తామే అవుతారు.

అందుకే ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఒకటి ఉంది. డిప్రెషన్ ఉన్న ఇంట్లో పిల్లలకు ఎక్కువ హాని చేసేది జబ్బు గురించిన నిజం కన్నా, జబ్బు చుట్టూ మనం కట్టే మౌనం. ఆ మౌనాన్ని ఎలా విప్పాలన్నది కొంచెం చిక్కైన పనే. ఎందుకంటే పెద్దవాళ్లకు అర్థమయ్యే డిప్రెషన్ వేరు, పిల్లల కంటికి కనిపించేది వేరు.

ఇది ఎన్ని ఇళ్ల సంగతో కూడా తెలియాలి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ (నిమ్హాన్స్) 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో దాదాపు ప్రతి 20 మంది పెద్దవాళ్లలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌కు లోనవుతున్నారు. అలాంటివారిలో నూటికి సుమారు 85 మందికి వైద్యం అందడం లేదని కూడా అదే సర్వే తేల్చింది. కాన్పు తర్వాతి నెలల్లో ఈ సంఖ్య ఇంకా ఎక్కువ. భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. బిడ్డను కన్న తల్లుల్లో 22 శాతం మందిలో డిప్రెషన్ ఉన్నట్టు అందులో తేలింది. అంటే మన వీధిలో, మన పిల్లల తరగతి గదిలో ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు కచ్చితంగా ఉంటారు. వాళ్లలో చాలామంది తల్లిదండ్రులకు తమకున్నది జబ్బని కూడా తెలియదు.

పిల్లల కంటికి కనిపించేది

వైద్యుల లెక్క ప్రకారం డిప్రెషన్ అంటే కనీసం రెండు వారాల పాటు రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండటం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, దాంతోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతినడం, తాను ఎందుకూ పనికిరానన్న భావన. ఆ ‘పనికిరాను’ అన్న భావన పిల్లలకు కనిపించదు. వాళ్లకు కనిపించేది వేరే. నిన్నటిదాకా పాట పాడుతూ అన్నం పెట్టిన అమ్మ ఇప్పుడు కంచం ముందు పెట్టి గోడ వైపు చూస్తుంటుంది. పలకరిస్తే రెండోసారికో మూడోసారికో గానీ ‘ఊ’ అనదు. చిన్నదానికీ పెద్దదానికీ కసురుకుంటుంది. డిప్రెషన్ చాలామందిలో విసుగుగా, కోపంగా బయటపడుతుందన్న సంగతి పెద్దవాళ్లకే సరిగా తెలియదు. పిల్లలకు ఎలా తెలుస్తుంది? వాళ్లకు అర్థమయ్యేది ఒకటే, అమ్మకు నా మీద కోపం.

పెద్దవాళ్ల ముఖంలో మార్పును పసిగట్టడానికి మాటలు వచ్చే వయసు కూడా అక్కర్లేదు. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో ఒక ప్రయోగం చేశాడు. కొన్ని నెలల బిడ్డతో తల్లి మామూలుగా ఆడుతూ ఉంటుంది. తర్వాత రెండు మూడు నిమిషాల పాటు ముఖంలో ఏ భావమూ లేకుండా, పలకకుండా బిడ్డ వైపు చూస్తూ ఉండిపోతుంది. బిడ్డ మొదట నవ్వుతుంది, చేతులు చాస్తుంది, శబ్దాలు చేస్తుంది. తల్లిని వెనక్కి రప్పించడానికి తనకు తెలిసిన విద్యలన్నీ ప్రదర్శిస్తుంది. ఏదీ ఫలించకపోతే ముఖం తిప్పేసుకుని ముడుచుకుపోతుంది. ఆ ప్రయోగంలో తల్లి మళ్లీ నవ్వేస్తుంది కాబట్టి బిడ్డ కాసేపటికి తేరుకుంటుంది. డిప్రెషన్ ఉన్న ఇంట్లో అలాంటి ముఖం వారాల తరబడి ఉండవచ్చు. ఇందులో తల్లి తప్పు ఏమీ లేదు. జబ్బు చేసే పని అది. కానీ ‘పసిబిడ్డకేం తెలుస్తుంది’ అనే మాట మాత్రం ఇక అనకూడదు.

మాటలు వచ్చాక చిక్కు ఇంకో రకంగా మారుతుంది. రెండు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలు ప్రపంచాన్ని తమ చుట్టూ తిరిగేదిగా చూస్తారని స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాఁ పియాజే దశాబ్దాల పాటు పిల్లలను గమనించి చెప్పాడు. తాము అనుకున్నది జరుగుతుందని, తమ ఆలోచనకు బయట జరిగేదానితో సంబంధం ఉందని ఈ వయసులో నమ్ముతారు. మిఠాయి ఇవ్వలేదని కోపం వచ్చి ‘అమ్మ లేకపోతే బాగుండు’ అని ఒకసారి మనసులో అనుకున్న పిల్లవాడు, నాలుగు రోజుల తర్వాత అమ్మ మంచం పడితే ఆ రెండింటినీ కలిపేసుకుంటాడు. ఎవరికీ చెప్పడు. చెప్తే తిడతారని భయం.

దీనికి తోడు మన ఇళ్లకే ప్రత్యేకమైన ఒక అలవాటు ఉంది. దీన్ని గురించి మనం తగినంత ఆలోచించడం లేదనిపిస్తుంది. పిల్లలను దారిలో పెట్టడానికి మనం వాడే శిక్షల్లో మౌనం ఒకటి. ‘నీతో మాట్లాడను పో’, ‘ఇక నేను నీకు అమ్మను కాను’, ‘ఇలాగే అల్లరి చేస్తే నిన్ను వదిలేసి వెళ్లిపోతాను’ అని సరదాగానో, విసుగుతోనో అనని ఇల్లు అరుదు. పిల్లవాడు వచ్చి గడ్డం పట్టుకుని బతిమాలితే, ‘ఇంకెప్పుడూ చేయను’ అంటే అమ్మ కరిగిపోయి దగ్గరికి తీసుకుంటుంది. పిల్లలు తమలో తాము కూడా ‘కచ్చి’ కొట్టుకుని మాటలు మానేస్తారు, మళ్లీ కలిసిపోతారు. ఈ పద్ధతిలో పెరిగిన నాలుగేళ్ల పిల్లకు అమ్మ మౌనానికి తెలిసిన అర్థం ఒకటే: నేనేదో తప్పు చేశాను. అందుకని తనకు తెలిసిన ప్రాయశ్చిత్తాలన్నీ మొదలుపెడుతుంది. చెప్పకుండానే అన్నం మొత్తం తినేస్తుంది. బొమ్మలు సర్దేస్తుంది. నోటుబుక్కులో కాగితం చింపి అమ్మ బొమ్మ, తన బొమ్మ పక్కపక్కన వేసి, ఎర్ర క్రేయాన్‌తో పువ్వు దిద్ది, నిద్రపోతున్న అమ్మ దిండు పక్కన పెట్టి వస్తుంది. సాయంత్రానికి ఆ కాగితం అక్కడే నలిగి ఉంటుంది. ఎప్పుడూ పనిచేసే ఉపాయాలు ఈసారి పనిచేయలేదంటే, తన తప్పు మామూలు తప్పు కాదని ఆ పిల్లకు తేలిపోతుంది.

ఆ గాయం మీద పెద్దవాళ్లు తెలియక ఉప్పు చల్లుతారు. ‘నువ్వు అల్లరి చేస్తే అమ్మకు ఇంకా ఎక్కువవుతుంది’ అని హెచ్చరిస్తారు. ‘నువ్వు ఫస్ట్ ర్యాంకు తెస్తే నాన్న మళ్లీ నవ్వుతాడు’ అని ఆశ పెడతారు. కాన్పు తర్వాత మొదలైన డిప్రెషన్ అయితే, పరామర్శకు వచ్చిన చుట్టాలు పిల్ల వింటుండగానే ‘దీన్ని కన్నప్పటి నుంచే ఆమెకు ఇలా అయింది’ అంటారు. ‘ఫలానా నక్షత్రంలో పుట్టింది, తల్లికి గండం’ అని జాతకం తీసేవాళ్లూ ఉంటారు. పెద్దవాళ్లు అని మరిచిపోయిన ఆ మాటను పిల్ల ఏళ్ల తరబడి మోస్తుంది. నన్నడిగితే డిప్రెషన్ ఉన్న ఇంట్లో మొదట ఆపాల్సినవి ఈ మాటలే. చెప్పాల్సినవి తర్వాత చెప్పుకోవచ్చు.

ఏం చెప్పాలి

చెప్పాల్సినదానికి పెద్ద ఉపన్యాసం అవసరం లేదు. నాలుగు సంగతులు పిల్లల మనసుకు చేరితే చాలు. ఇది జబ్బు. నీ వల్ల రాలేదు. తగ్గించాల్సింది నువ్వు కాదు, ఆ పని పెద్దవాళ్లు చూసుకుంటారు. నీ తిండి, బడి, ఆట, నిద్ర చూసుకోవడానికి మనుషులు ఉన్నారు. ఈ నాలుగింటినీ ఒక తండ్రి తన ఆరేళ్ల కూతురికి ఎలా చెప్పవచ్చో చూద్దాం. పొద్దున్నే బడికి తయారు చేస్తున్నాడు. రోజూ అమ్మ వేసే రెండు జడలు ఈ నెల నుంచి నాన్న వేస్తున్నాడు. పాపిడి వంకరగా వస్తోంది, రిబ్బను జారిపోతోంది.

‘నాన్నా, అమ్మ నాతో ఎందుకు మాట్లాడటం లేదు?’

‘అమ్మకు డిప్రెషన్ అనే జబ్బు వచ్చింది తల్లీ. అది వచ్చినవాళ్లకు బాగా నీరసంగా, దిగులుగా ఉంటుంది. మాట్లాడాలని ఉన్నా ఓపిక రాదు. ఒక్కోసారి ఊరికే చిరాకు వస్తుంది.’

‘నేను మొన్న పాలు ఒలకబోశాను కదా...’

‘పాలు ఒలికినందుకు రాలేదమ్మా. నువ్వు ఏం చేసినా, ఏం అన్నా, మనసులో ఏం అనుకున్నా ఈ జబ్బు రాదు. అమ్మకు నీ మీద కోపం లేదు. నువ్వంటే ఎప్పటిలాగే ఇష్టం. ఆ ఇష్టాన్ని చూపించే ఓపికే ఇప్పుడు లేదు.’

‘నేను బాగా చదివితే తగ్గుతుందా?’

‘నీ చదువుకూ అమ్మ జబ్బుకూ సంబంధం లేదు. తగ్గించడం డాక్టరుగారి పని. మేమంతా అమ్మను చూసుకుంటాం. నువ్వు బడికి వెళ్లి, ఆడుకుని రా.’

‘మరి రేపు జడలు ఎవరు వేస్తారు?’

‘నేనే వేస్తాను. శనివారం అమ్మమ్మ వస్తుంది, అప్పుడు అమ్మమ్మ వేస్తుంది.’

చివరి ప్రశ్న విని, పిల్ల విషయం మరిచిపోయి జడల గోలలో పడిందని అనుకోకండి. ఆ వయసులో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అదే. నన్ను ఎవరు చూసుకుంటారు అని అడగడానికి పిల్లలకు వచ్చే భాష జడలూ, టిఫిన్ డబ్బా, బడి నుంచి తీసుకురావడమూ. దానికి తండ్రి ఇచ్చిన జవాబులో మనిషి ఎవరో, ఎప్పుడు వస్తారో స్పష్టంగా ఉన్నాయి. ‘అన్నీ మేం చూసుకుంటాంలే’ అన్న మాటలో అవి లేవు. ‘మనసులో ఏం అనుకున్నా’ అన్న ముక్కను కూడా గమనించండి. నోరు తెరిచి చెప్పుకోలేని భయానికి అది జవాబు. ‘నా వల్లేనా?’ అని చాలామంది పిల్లలు అడగరు. వాళ్లు అడిగేదాకా ఆగకుండా మనమే చెప్పాలి. ఒకసారి చెబితే సరిపోదు కూడా. అదే ప్రశ్న పది రోజుల తర్వాత మళ్లీ వస్తే, విననట్టు కాదు. ఆ వయసులో నమ్మకం కుదరడానికి మళ్లీ మళ్లీ వినాలి.

జబ్బు పేరు చెప్పాలా అని చాలామంది సందేహిస్తారు. చెప్పడమే మంచిది. ‘అమ్మకు ఒంట్లో బాగాలేదు’ అని మాత్రమే చెబితే, రేపు నాన్నకు మామూలు తలనొప్పి వచ్చి ‘ఒంట్లో బాగాలేదు’ అన్నా పిల్లవాడు బెదిరిపోతాడు. ‘జ్వరంలాంటిదే’ అని పోల్చడం కూడా చిక్కే. జ్వరం మూడు రోజుల్లో పోతుంది, ముట్టుకుంటే చేతికి తెలుస్తుంది. నాలుగో రోజుకు అమ్మ లేవకపోతే మన మాట మీద నమ్మకం పోతుంది. మన ఇళ్లలో ఇంతకన్నా మంచి పోలిక సిద్ధంగా ఉంది: తాతయ్య బీపీ, నానమ్మ షుగరు. చూడటానికి కనిపించవు, రోజూ మాత్ర వేసుకోవాలి, అప్పుడప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి, దానికి ఎవరూ సిగ్గుపడరు. ఈ పోలికను పిల్లలు తేలిగ్గా అందుకుంటారు. అయితే బీపీలా ఇది జీవితాంతం ఉండనక్కర్లేదని, చాలామందికి నయమవుతుందని కలిపి చెప్పాలి.

గడువులు మాత్రం ఇవ్వకండి. డిప్రెషన్ మందులు వేసుకున్న రోజే పనిచేయవు. గుణం కనిపించడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది, తగ్గాక కూడా నెలల తరబడి కొనసాగించమంటారు. ‘నీ పుట్టినరోజుకల్లా అమ్మ లేచి తిరుగుతుంది’ అన్న మాట ఆ పుట్టినరోజున పిల్లవాడికి రెండో దెబ్బ అవుతుంది. ‘మెల్లగా తగ్గుతుంది, మధ్యలో కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు బాగుండదు’ అంటే నిజమూ అదే, భారమూ తక్కువ.

ఎవరు చెప్పాలి? వీలైతే జబ్బు పడినవారే, ఒక మోస్తరు బాగున్న రోజు చూసుకుని, రెండు వాక్యాలైనా సొంతంగా చెబితే దానికి సాటి లేదు. ‘నాకు బాగాలేదు కన్నా, నీ వల్ల కాదు’ అని అమ్మ నోటి నుంచి వినడం వేరు. ఆ ఓపిక లేకపోతే, ఆమె వింటుండగా నాన్నో అమ్మమ్మో చెప్పవచ్చు. ఇద్దరు పిల్లలుంటే వయసును బట్టి మాటలు మారవచ్చు, అసలు విషయం మాత్రం ఒకటే ఉండాలి. పిల్లలు తమలో తాము పోల్చి చూసుకుంటారు.

కష్టమైన ప్రశ్నలు

‘అమ్మ చచ్చిపోతుందా?’ అని పిల్లలు సూటిగా అడుగుతారు. ‘ఛీ, అలాంటి మాటలు అనకూడదు’ అని నోరు మూయించడం మనకు అలవాటు. అలా మూయిస్తే భయం లోపలికి పోతుంది. ‘ఈ జబ్బు చాలామందికి తగ్గుతుంది. అమ్మను జాగ్రత్తగా చూసుకోవడానికి డాక్టరు ఉన్నారు, మేం ఉన్నాం. నీకు భయం వేసినప్పుడల్లా నాకు చెప్పు’ అనడం నిజాయితీ గల జవాబు. ఆత్మహత్య గురించిన వివరాలు ఈ వయసు పిల్లలకు అవసరం లేదు. కానీ అమ్మో నాన్నో ‘నాకు బతకాలని లేదు’ అన్న మాట పిల్లల చెవిన పడి ఉంటే, దాన్ని విననట్టు దాటేయకూడదు. ‘ఆ జబ్బు మనిషి చేత అలా అనిపిస్తుంది, అందుకే మేం డాక్టరుకు చెప్పాం, అమ్మను ఒంటరిగా వదలం’ అని చెప్పి, చెప్పినట్టే చేయాలి. అలాంటి మాట వినగానే ఆ రోజే వైద్య సహాయం తీసుకోవడం పెద్దవాళ్ల బాధ్యత.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘నేను ఆఫీసుకు వెళ్తున్నాను, అమ్మను కాస్త కనిపెట్టుకుని ఉండు’ అని ఏడేళ్ల పిల్లవాడికి అప్పగించి వెళ్లే ఇళ్లున్నాయి. అలా ఎప్పుడూ చేయకండి. ఆ పిల్లవాడు బడిలో కూర్చున్నా మనసు ఇంటి దగ్గరే ఉంటుంది. కడుపునొప్పి అని చెప్పి ఇంటికి వచ్చేస్తాడు. తలుపు దగ్గర నిలబడి అమ్మ ఊపిరి పీలుస్తోందో లేదో చూస్తాడు. ఇంట్లో పెద్ద బిడ్డ ఆడపిల్లయితే ఈ భారం ఇంకోలా ఉంటుంది. తొమ్మిదేళ్లకే తమ్ముడికి అన్నం కలిపి పెట్టడం, గిన్నెలు కడగడం, అమ్మను బతిమాలి మాత్ర వేయించడం. చుట్టాలంతా ‘ఎంత బుద్ధిమంతురాలో, చిన్న అమ్మ’ అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు ఆ పిల్లను ఇంకా బిగిస్తుంది. చిన్న చిన్న పనుల్లో సాయం చేయడంలో తప్పు లేదు. మనిషిని బతికించే బాధ్యత మాత్రం పిల్లలది కాదు.

కొంచెం పెద్ద పిల్లలు ‘నాకూ వస్తుందా?’ అని అడుగుతారు. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదని, అమ్మ పక్కన పడుకోవచ్చని, అమ్మ ఎంగిలి తాగితే రాదని చెప్పాలి. తల్లికో తండ్రికో డిప్రెషన్ ఉంటే పిల్లలకు పెద్దయ్యాక వచ్చే అవకాశం మిగతావారి కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువన్నది నిజమే. ఈ లెక్క పెద్దవాళ్లు గుర్తుంచుకుని తొందరగా సాయం వెతకడానికి పనికొస్తుంది. ఏడేళ్ల పిల్లకు చెప్పాల్సింది కాదు.

ఆసుపత్రి, ఊరు, బడి

తల్లిని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే మన ఇళ్లలో వినిపించే మాట ‘అమ్మ ఊరెళ్లింది’. నాకు చెప్పకుండా, ముద్దు పెట్టుకోకుండా అమ్మ వెళ్లిపోయిందన్న బాధ పిల్లలకు ఆసుపత్రి అన్న మాట కన్నా పెద్దది. పిల్లలను రాత్రికి రాత్రి అమ్మమ్మగారింటికి పంపేసినా ఇదే. పంపాల్సి రావచ్చు, అందులో తప్పు లేదు. ఎందుకు వెళ్తున్నారో, అమ్మ ఎక్కడుంటుందో, ఏ రోజు ఫోన్ చేస్తారో చెప్పి పంపాలి. మూడేళ్ల లోపు బిడ్డల విషయంలో చట్టం కూడా ఆలోచించింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 21వ సెక్షన్ ప్రకారం, మానసిక వైద్యశాలలో చికిత్స పొందే తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డను మామూలుగా విడదీయకూడదు. బిడ్డకు ప్రమాదం ఉందని వైద్యులు భావించినప్పుడే తాత్కాలికంగా వేరు చేయాలి. నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి ఉంచే వార్డు 2009 నుంచి ఉంది. అలాంటి వార్డులు మన జిల్లా ఆసుపత్రుల్లోనూ రావాలని కోరుకోవడం అత్యాశ కాదు.

బయటివాళ్ల మాటల నుంచి కూడా పిల్లలను కాపాడాలి. ఎర్రగడ్డ అన్న పేరును మనం ఎగతాళికి వాడుకుంటాం. సినిమాల్లో, కబుర్లలో, తరగతి గదిలో కూడా. అక్కడున్నది వేలమందికి వైద్యం చేసిన ప్రభుత్వ ఆసుపత్రి. ఇంట్లో అమ్మ మందులు వాడుతున్న పిల్లవాడు ఆ ఎగతాళి విని నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చుంటాడు. ‘ఎవరైనా అలా అంటే వాళ్లకు జబ్బు గురించి తెలియదన్నమాట’ అని ముందే చెప్పి ఉంచితే కొంత నిలదొక్కుకుంటాడు. ‘ఎవరికీ చెప్పకు’ అని ఒట్టు పెట్టించడం మాత్రం మంచిది కాదు. రహస్యం మోసే పిల్లలకు జబ్బు అంటే సిగ్గుపడాల్సిన విషయమని అర్థమవుతుంది. ‘ఇది మన ఇంటి విషయం, అందరికీ చెప్పనక్కర్లేదు. నీకు మాట్లాడాలనిపిస్తే నాతోనో, పిన్నితోనో, మీ క్లాసు టీచరుతోనో మాట్లాడు’ అని మనుషుల్ని చూపించాలి. టీచరుకు మనమే ముందుగా చెప్పి ఉంచడం మంచిది. హోంవర్కు చేయలేదని కొట్టే బదులు ఒక మాట అడుగుతారు.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో, ఆస్ట్రేలియాలోనో ఉండే తెలుగు కుటుంబాల్లో ఈ ఒంటరితనం ఇంకా ఎక్కువ. అమ్మ మంచం పడితే పక్కింటి అత్త రాదు. వారానికోసారి వీడియో కాల్‌లో తాతయ్య ముందు ‘అంతా బాగుంది’ అని నటించమని పిల్లలకు చెబుతారు. ఆ నటన పిల్లల చేత చేయించకండి. వంటకో, పిల్లలను బడికి దింపడానికో స్నేహితులను నోరు తెరిచి అడగడం, బడిలో కౌన్సెలర్ ఉంటే వారికి తెలియజేయడం అక్కడ పిల్లలకు అమ్మమ్మ ఇల్లు చేసే పనిలో కొంతైనా చేస్తాయి.

కొన్ని దేశాలు ఈ బాధ్యతను కుటుంబాలకే వదిలేయలేదు. బోస్టన్‌లో విలియం బియర్డ్‌స్లీ అనే మానసిక వైద్యుడు, డిప్రెషన్ ఉన్న తల్లిదండ్రులతో ముందు విడిగా మాట్లాడి, పిల్లలతో విడిగా మాట్లాడి, చివరికి కుటుంబమంతా కూర్చుని జబ్బు గురించి మాట్లాడుకునేలా చేసే పద్ధతిని రూపొందించాడు. ఫిన్లాండ్‌లో టూట్టి సోలంటౌస్ అనే పిల్లల మానసిక వైద్యురాలు దాన్ని తమ వైద్య వ్యవస్థకు తగ్గట్టు మలిచింది. నార్వేలో 2010 నుంచి చట్టమే ఉంది: పెద్దవాళ్లకు వైద్యం చేసేవారు, ఆ రోగికి చిన్నపిల్లలు ఉన్నారా, వాళ్లకు ఏం తెలుసు, ఏం కావాలి అన్నది చూసుకోవాలి. మన దగ్గర డాక్టరు అడగకపోయినా మనం అడగవచ్చు. ‘మాకు ఐదేళ్ల పాప ఉంది, దీని గురించి ఎలా చెప్పాలి?’ అన్న ప్రశ్నను మందుల చీటీ తీసుకునేటప్పుడే వేయండి.

వైద్యం దాకా వెళ్లడం పిల్లల కోసం కూడా

పిల్లలకు ఎంత బాగా చెప్పినా, జబ్బు పడినవారికి వైద్యం అందకపోతే ఆ మాటలు ఎక్కువ రోజులు నిలవవు. దీన్ని స్పష్టంగా చూపించిన అధ్యయనం ఒకటి 2006లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వచ్చింది. మిర్నా వైస్‌మన్ బృందం డిప్రెషన్‌కు మందులు మొదలుపెట్టిన తల్లులనూ, వారి పిల్లలనూ కలిపి 151 జతలను గమనించింది. మూడు నెలల్లో తల్లికి జబ్బు తగ్గిన ఇళ్లలో పిల్లల మానసిక సమస్యలు 11 శాతం మేర తగ్గాయి. తల్లికి తగ్గని ఇళ్లలో 8 శాతం మేర పెరిగాయి. మందు ఇచ్చింది తల్లులకు, గుణం కనిపించింది పిల్లల్లో కూడా. ‘పిల్లల్ని వదిలేసి నేను ఆసుపత్రుల చుట్టూ తిరగడం ఏమిటి’ అని వెనకాడే తల్లులకు ఈ ఒక్క సంగతి చెప్పాలనిపిస్తుంది. తండ్రులకూ ఇది వర్తిస్తుంది. మగవాళ్లలో డిప్రెషన్ తరచూ తాగుడు వెనకా, కోపం వెనకా, అర్ధరాత్రి దాకా ఫోను చూడటం వెనకా దాక్కుంటుంది. ఇంట్లోవాళ్లు దాన్ని జబ్బుగా గుర్తించేసరికి ఏళ్లు గడుస్తాయి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ ఉంది. 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. జబ్బు పడినవారే చేయాలన్న నియమం లేదు. భర్తో, చెల్లెలో, పిల్లల గురించి బెంగపడే నానమ్మో చేయవచ్చు.

పిల్లల్లో కూడా కొన్ని మార్పులు కనిపెట్టాలి. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, అమ్మ కనిపించకపోతే ఏడుపు, రోజూ పొద్దున బడి వేళకు కడుపునొప్పి, అంతకుముందు లేని కొట్టడం, కొరకడం. ఇంకోవైపు అతి మంచితనం కూడా సంకేతమే. అల్లరి పూర్తిగా మానేసి, ఏదీ అడగకుండా, అందరి ముఖాలు చదువుతూ తిరిగే ఆరేళ్ల పిల్లవాడిని చూసి సంతోషించకండి. ఇవి కొన్ని వారాలకు మించి ఉంటే పిల్లల డాక్టరుకు గానీ, మానసిక వైద్యులకు గానీ చూపించాలి.

జబ్బు తగ్గుముఖం పట్టాక ఒక పని మిగులుతుంది. చాలా ఇళ్లలో దీన్ని మరిచిపోతారు. అమ్మ లేచి తిరుగుతున్నా, వంట చేస్తున్నా పిల్లలు కొంతకాలం ఆమెను కనిపెట్టి చూస్తూనే ఉంటారు. ఒకరోజు ఎండన పడి వచ్చి ఆమె నడుం వాలిస్తే, ‘అమ్మకు మళ్లీ వచ్చిందా?’ అని వెళ్లి నాన్నను అడుగుతారు. అప్పుడు అమ్మే పిలిచి చెప్పాలి: ‘ఇది అలసట నాన్నా, జబ్బు కాదు. గంట పడుకుని లేస్తాను.’ పిల్లవాడిని నిజంగానే కేకలు వేసిన రోజున కూడా అంతే: ‘నువ్వు తమ్ముణ్ణి కొట్టావు కాబట్టి కోపం వచ్చింది, ఇది జబ్బు వల్ల వచ్చిన కోపం కాదు.’ మామూలు అలసట, మామూలు కోపం ఎలా ఉంటాయో ఆ పిల్లలు మళ్లీ నేర్చుకోవాలి. ఒకసారి డిప్రెషన్ వచ్చినవారిలో దాదాపు సగం మందికి అది మళ్లీ రావచ్చు కాబట్టి, వస్తే ఏం చేస్తారన్నది కూడా బాగున్న రోజుల్లోనే పిల్లలతో చెప్పుకోవడం మంచిది: అమ్మ డాక్టరుగారికి ఫోన్ చేస్తుంది, అమ్మమ్మ వస్తుంది, నాన్న జడలు వేస్తాడు, నిన్ను ఏదీ అడగకుండా ఎక్కడికీ పంపం, ఏం జరుగుతోందో నీకు చెబుతాం.